గెలిచిన తర్వాత నలభై ఏళ్లు

మా ఓరుగల్లు వైపు పెద్ద వయసు ఆడవాళ్లను "ఎట్లున్నవ్ అవ్వా?" అని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "ఏదో, ఎల్లదీస్తున్న బిడ్డా." పుస్తకాల తెలుగులో దీన్ని 'కాలం వెళ్లదీయడం' అని రాస్తాం. అలా రాయగానే అందులో ఒక నిట్టూర్పు వచ్చి కూర్చుంటుంది. మా అవ్వ నోట ఆ మాటలో నిట్టూర్పు ఉండేది కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పొయ్యి ఆర్పేదాకా ఆ రోజును దిగబడిన బండిని లాగినట్టు లాగి అవతల ఒడ్డున పెట్టడం అన్నమాట. రేపు మళ్లీ లాగాలి. గెలిచానని అనదు, ఓడిపోయానని కూడా అనదు.

ఇప్పుడు మన చుట్టూ ఎక్కువగా వినిపించే మాట ఇది కాదు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా వెళ్తే రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ర్యాంకులు, నవ్వుతున్న ముఖాలు, కింద కష్టాలను జయించిన కథలు. ఫోన్ తెరిస్తే అరవై సెకన్లలో ఒక జీవితం కింద పడుతుంది, లేస్తుంది, గెలుస్తుంది. ఈ కథలు అబద్ధాలని నేను అనడం లేదు. వాటి లెక్కలో ఒక చిక్కుంది. కష్టం ఒక మనిషిది, పట్టుదల ఆ మనిషిదే, గెలుపు కూడా ఆ ఒక్క మనిషిదే. గెలుపు దగ్గర కథ ఆగిపోతుంది. మర్నాడు ఏమైందో ఎవరూ అడగరు.

చరిత్ర కూడా చాలాసార్లు ఇదే పని చేస్తుంది. మా జిల్లా చరిత్రలో అందరికీ తెలిసిన ఒక పేరుతో మొదలుపెట్టి, అంతగా తెలియని రెండు మూడు పేర్ల మీదుగా ఆ 'మర్నాడు' గురించి రాయాలని ఈ ప్రయత్నం.

*

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు అది వరంగల్ జిల్లా. ఐలమ్మ పేరు వినని తెలంగాణ మనిషి ఇప్పుడు ఉండకపోవచ్చు. ఇంటిపేరు చిట్యాల. లోకం పిలిచింది కులం పేరుతో, చాకలి ఐలమ్మ అని. పుట్టింది రాయపర్తి దగ్గర కృష్ణాపురంలో. పాలకుర్తికి కోడలిగా వచ్చింది. ఐలయ్య, ఐలమ్మ అనే పేర్లు ఐలోని మల్లన్న మీద పెట్టుకున్నవని మా వైపు అంటారు. ఊరి జాతరలోంచి వచ్చిన పేరు అది. ఇవాళ ఒక విశ్వవిద్యాలయానికి పెట్టారు. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

విగ్రహాల్లో ఐలమ్మ ఒంటరిగా నిలబడి ఉంటుంది. చేతిలో కర్ర, నడుముకు బిగించిన కొంగు, ఎదురుగా మనకు కనిపించని శత్రువు. ఆ శత్రువు ఎంతటివాడో తెలిస్తేగానీ ఆ నిలబడటం ఏమిటో అర్థం కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమి ఉన్నవాడి కన్ను ఒక చాకలి కుటుంబం కౌలుకు తీసుకుని సాగు చేసుకుంటున్న నాలుగెకరాల మీద ఎందుకు పడింది?

ఈ ప్రశ్నకు దొర దురాశ అని ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. అది సగమే. మిగతా సగం వెట్టిలో ఉంది. నిజాం రాజ్యంలో వెట్టి అంటే కూలి లేని పని ఒక్కటే కాదు, మనిషి రోజంతా ఎవరిదో ముందే తేల్చేసిన ఏర్పాటు. చాకలి ఇంటివాళ్లు దొర ఇంటి బట్టలు ఉతకాలి, దివిటీలు పట్టాలి, పిండి విసరాలి, కబురు వస్తే చేతిలో పని వదిలేసి పోవాలి. బదులుగా ఊళ్లో దొరికే గింజలతో బతకాలి. అలాంటి ఇంటి ఆడమనిషి మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. సొంతంగా దున్ని, నాటి, కోసుకునే మనిషికి దొర గడీ నుంచి కబురు వచ్చినప్పుడు "నాకు నా పొలం పనుంది" అనే వీలు దొరుకుతుంది. ఆ నాలుగెకరాల్లో దొరకు కనిపించింది ధాన్యం కన్నా ఎక్కువగా ఆ వీలే అయ్యుంటుందని నేను అనుకుంటాను. ఒకరికి ఆ వీలు దొరికితే ఊరంతా చూస్తుంది కదా.

ఐలమ్మ ఆంధ్ర మహాసభలో చేరింది. జనం దాన్ని 'సంఘం' అనేవాళ్లు, చేతుల్లో ఉండే గుత్పలను చూసి గుత్పల సంఘం అని కూడా అనేవాళ్లు. 1945 ప్రాంతంలో పంట చేతికొచ్చే వేళకు దేశ్‌ముఖ్ తన మనుషులను పొలం మీదికి పంపాడు. సుందరయ్య ఇచ్చిన వివరం ఇలా ఉంటుంది. ఒక వంద మంది గూండాలు, పంట కోయడానికి ఇంకో వంద మంది ఆడా మగా వచ్చారు. సంఘం నాయకులు, వాలంటీర్లు కలిపి 28 మంది కర్రలతో, నినాదాలతో ఎదురెళ్లారు. వచ్చినవాళ్లు పారిపోయారు. పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. మర్నాడు భీంరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు మొదలైనవాళ్లను పట్టుకుపోయి విసునూరులో చిత్రహింసలు పెట్టారు.

ఆ 28 మందిని గుర్తుపెట్టుకోమని మనవి. విగ్రహంలో వాళ్లు లేరు, ఉండటం కుదరదు కూడా, రాతికి ఒక్క మనిషే పడతాడు. కానీ ఐలమ్మ ధైర్యానికి ఆ 28 మంది ఎంత అవసరమో, ఆ 28 మందికి ఐలమ్మ కూడా అంతే అవసరం. ఆమె భూమి వదిలేసి రాజీకి పోయి ఉంటే వాళ్లు ఎవరి పొలం కాపాడాలి? ఆమె మొండితనం వల్ల వాళ్లకు నిలబడటానికి ఒక చోటు దొరికింది, వాళ్లు వచ్చారు కాబట్టి ఆమె మొండితనం పిచ్చితనం కాకుండా పోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయాడు. అక్కణ్నుంచి కథ ఎంత పెద్దదయిందో మనకు తెలుసు. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల ప్రాణాలు, చివరికి 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ.

*

పాఠ్యపుస్తకంలో ఐలమ్మ కథ ధాన్యం ఇంటికి చేరిన రోజున ముగుస్తుంది. ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబర్ 10న. అంటే ఆ పంట తర్వాత ఆమె ఇంకో నలభై ఏళ్లు బతికింది.

ఆ నలభై ఏళ్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టాక విగ్రహాన్ని అంతకు ముందులా చూడలేకపోయాను. పంట దక్కినందుకు ఆ ఇల్లు కట్టిన మూల్యం చిన్నది కాదు. భర్త, కొడుకులు జైలు పాలయ్యారు. ఇల్లు తగలబెట్టారు. కాలిన ఇంటి ముందు నిలబడిన మనిషికి ఆ సాయంత్రం ముందున్న ప్రశ్న చరిత్రకు సంబంధించింది కాదు. వంట ఎక్కడ చేయాలి? పిల్లలు ఎక్కడ పడుకోవాలి? ఆ రాత్రి గడిచాక ఇంకో రాత్రి. ఆ తర్వాత సైన్యాలు వచ్చాయి, నిజాం పోయాడు, ఎన్నికలొచ్చాయి, రాష్ట్రాలు మారాయి. ఐలమ్మ పాలకుర్తిలోనే ఉంది. వానాకాలాలు వచ్చాయి పోయాయి, మనవలు పుట్టారు, మోకాళ్లు నొప్పి పెట్టి ఉంటాయి.

'జయించడం' అనే మాటకు ఈ నలభై ఏళ్లతో పని లేదు. మా అవ్వ మాటకు ఉంది. అందుకే ఆ రెండు మాటల మధ్య తేడా నాకు భాషా విషయంగా కాక చరిత్ర రాసే పద్ధతికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. గెలుపును రాయడానికి తేదీ చాలు. ఎల్లదీసిన బతుకును రాయాలంటే ఆ మనిషి పక్కన కూర్చోవాలి, ఆమె చెప్పినంతసేపూ వినాలి.

*

అలా కూర్చున్న వాళ్లున్నారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన స్త్రీశక్తి సంఘటన అనే బృందం తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు టేపుల మీద రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా తెచ్చింది. 1989లో అది ఇంగ్లీషులో 'వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ' పేరుతో వచ్చింది. అందులో ఐలమ్మ ఉంది. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు.

అప్పటికే ఆ పోరాటం మీద పుస్తకాలున్నాయి. సుందరయ్య పెద్ద గ్రంథం 1972లోనే వచ్చింది, అందులో స్త్రీల గురించి విడిగా ఒక అధ్యాయం కూడా ఉంది. విడిగా ఉండటమే అక్కడి ఇబ్బంది. పోరాటం ఒకచోట, అందులో స్త్రీలు ఇంకోచోట. 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ గోడ లేదు. మాట్లాడే మనిషి వంట దగ్గర మొదలుపెట్టి తుపాకీ దగ్గరికి వెళ్తుంది, అక్కణ్నుంచి కాన్పు దగ్గరికి, మళ్లీ పార్టీ సమావేశం దగ్గరికి. చెప్పిన సంగతినే మళ్లీ చెప్తుంది. మొదటిసారి చదువుతున్నప్పుడు నాకు ఇది కాస్త గజిబిజిగా అనిపించింది. తర్వాత అర్థమైంది, బతుకును అనుభవించిన వరుస అదే. ఉద్యమాన్నీ ఇంటినీ వేరు చేసి రాసుకునే వెసులుబాటు వాళ్లకెప్పుడూ లేదు.

ఆ పుస్తకంలో ఖిలాషాపూర్ దూదల సాలమ్మ ఉంది, వరంగల్ జిల్లా కమలమ్మ ఉంది. కమలమ్మ దగ్గర చాలామంది పాఠకులు ఆగిపోతారు. దొరల ఇంట్లో దాసిగా బతికిన తల్లికి పుట్టిన మనిషి. దళంతో అడవిలోకి వెళ్లింది. అడవిలోనే బిడ్డను కన్నది. ఏడ్చే పసిబిడ్డతో దళం నడవలేదు, శబ్దం వినిపిస్తే అందరి ప్రాణాలూ పోతాయి. బిడ్డను వేరేవాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లాల్సి వచ్చింది.

దీన్ని త్యాగం అనేసి పేజీ తిప్పేయడం సులువు. త్యాగం అన్నప్పుడు ఇచ్చినవాళ్లకు అందులో ఏదో తృప్తి ఉందని మనం ఊహించుకుంటాం. కానీ ముప్పై ఏళ్లు దాటాక కూడా ఒక తల్లి ఆ సంగతి చెప్తోందంటే ఆ బిడ్డ బరువు ఆమె చేతుల్లోంచి దిగలేదనే అర్థం. ఆమె పోరాటాన్ని తప్పు పట్టదు. తన నిర్ణయాన్ని పొగుడుకోదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మిగతా జీవితమంతా నడిచింది. మనస్తత్వశాస్త్రం ఇప్పుడు దీనికి ఏ పేరు పెడుతుందో గానీ, నాకు మాత్రం అది ఎల్లదీయడం అంటే ఏమిటో చూపించిన చోటు. కష్టం కరిగిపోదు. దాన్ని మోయడానికి భుజం మార్చుకుంటూ పోతారు.

మల్లు స్వరాజ్యం సంగతి వేరు, పేరున్న మనిషి. భీంరెడ్డి నర్సింహారెడ్డి చెల్లెలు, దళానికి నాయకత్వం వహించింది, తలకు పది వేల రూపాయల వెల కట్టారు. పోరాటం విరమించేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లకే తుపాకీ, గుర్రం, దళం అన్నీ గతమైపోయాయి. పార్టీ మగవాళ్లకు ఎన్నికలు, సంఘాలు, కార్యాలయాలు ఎదురుచూస్తున్నాయి. ఎక్కువమంది ఆడవాళ్లకు ఎదురుచూస్తున్నది ఇల్లే. తుపాకీ పట్టిన చేతులతో మళ్లీ ఊడ్చుకోమని చెప్పడంలోని దెబ్బ ఎలాంటిదో ఆ పుస్తకంలో చాలా గొంతుల్లో వినిపిస్తుంది. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. ఆయుధం దించిన 1951కీ ఆ గెలుపుకూ మధ్య ఇరవై ఏడేళ్లున్నాయి. ఆమె జీవితాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పేవాళ్లు ఆ ఇరవై ఏడేళ్లను ఒక కామాతో దాటేస్తారు.

రాళ్లు, గోడలు ఎంతకాలం నిలుస్తాయో మా ఊరికి బాగా తెలుసు. ఆ పోరాట కాలపు ఖైదీలెందరినో చూసిన వరంగల్ సెంట్రల్ జైలును 1886లో కట్టారు, 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. దాశరథిని కూడా నిజామాబాద్‌కు పంపక ముందు ఇక్కడే ఉంచారు. ఆసుపత్రి కావాల్సిందే, దాన్ని గురించి నాకు గొడవ లేదు. నూట ముప్పై అయిదేళ్ల గోడలు కొన్ని వారాల్లో లేకుండా పోయాయి. కొన్ని టేపుల మీద ఎక్కిన కమలమ్మ గొంతు మాత్రం ఇప్పటికీ పుస్తకం తెరిస్తే వినిపిస్తుంది. ఇది చిన్న విషయమేమీ కాదు.

*

వరంగల్ చరిత్రలో ఇంకో స్త్రీ ఉంది, వరంగల్‌లో లేకుండానే. కాజీపేటలోని సెయింట్ గాబ్రియేల్ బడిలో ఒకప్పుడు హిందీ పాఠాలు చెప్పిన మాస్టారు కొండపల్లి సీతారామయ్య. అదే బడిలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు కె.జి. సత్యమూర్తి. 1980లో పీపుల్స్‌వార్ పుట్టుక దాకా సాగిన రాజకీయం వెనక ఆ బడి ఉందని ఇక్కడ ఎవరిని అడిగినా చెప్తారు. సీతారామయ్య భార్య కొండపల్లి కోటేశ్వరమ్మ ఆ కథలో కనిపించదు. అప్పటికే ఆయన ఆమెను వదిలి చాలాకాలమైంది.

ఆమెది కృష్ణా జిల్లా పామర్రు, పుట్టింది 1918లో. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలుస్తుండగా వైధవ్యం. పెద్దయ్యాక ఊరి మాటలను లెక్కచేయకుండా సీతారామయ్యతో మళ్లీ పెళ్లి. ఇద్దరు పిల్లలు, పార్టీ పని, ప్రజానాట్యమండలి పాటలు, అజ్ఞాతవాసం. పోరాటం ముగిశాక భర్త వెళ్లిపోయాడు. పిల్లలు ఆమె తల్లి దగ్గర పెరిగారు. ముప్పై అయిదేళ్ల వయసులో కోటేశ్వరమ్మ హైదరాబాద్ వచ్చి ఆంధ్ర మహిళాసభలో చిన్న పిల్లలతో పాటు మెట్రిక్ చదువుకు కూర్చుంది. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం. ఎందరో పిల్లల అన్నం, జ్వరం, అల్లరి, సెలవు చీటీలు ఆమె చేతుల మీదుగా గడిచాయి.

కొడుకు చందు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాక్టరు చదివిన కూతురు కరుణ కూడా తల్లి కన్నా ముందే పోయింది. 2012లో, తొంభై నాలుగేళ్ల వయసులో 'నిర్జన వారధి' పేరుతో ఆమె ఆత్మకథ వచ్చింది. 2018 ఆగస్టులో నూరేళ్లు నిండాయి, సెప్టెంబర్ 19న విశాఖపట్నంలో కన్నుమూసింది.

ఆ పుస్తకం చదివినవాళ్లు చాలామంది ఆమె ధైర్యం గురించి మాట్లాడతారు. నాకు గుర్తుండిపోయింది ధైర్యం కన్నా మెట్రిక్. భర్త వెళ్లిపోయాడు, పార్టీ చీలికల వైపు నడుస్తోంది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు ఆమె వెతుక్కున్నది ఓదార్పును కాదు, సర్టిఫికెట్‌ను. తన పేరు మీద ఒక కాగితం, ఆ కాగితం మీద ఒక జీతం, ఆ జీతం మీద ఒక గది. అది దొరికాక, ఆ గదిలో కూర్చుని దుఃఖపడే హక్కు కూడా దొరికింది. ఆ మెట్రిక్ చదువు వెనక దుర్గాబాయి దేశ్‌ముఖ్ కట్టిన సంస్థ ఉందని కూడా మరిచిపోకూడదు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీల కోసమే ఆంధ్ర మహిళాసభ అలాంటి తరగతులు నడిపింది. పాలకుర్తి పొలంలో 28 మంది చేసిన పనిని ఇక్కడ ఒక తరగతి గది చేసింది.

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఎల్లదీయడాన్ని ఇంతగా మెచ్చుకుంటే ఆడవాళ్లను 'ఓర్పులో భూదేవి' అని పొగిడే పాత పాటకే మళ్లీ తాళం వేసినట్టు కాదా? మోసేవాళ్లు మోస్తూనే ఉండండి, మేం మీ ఓర్పు మీద వ్యాసాలు రాస్తాం అన్నట్టు లేదా?

నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఓర్పు అని మనం మెచ్చుకునేది ఎప్పుడూ ఎదుటివాళ్లకు పనికొచ్చే గుణం. కోడలు ఓర్చుకుంటే అత్తింటికి లాభం, చాకలి ఓర్చుకుంటే గడీకి లాభం. ఐలమ్మ ఓర్చుకోలేదు, వెట్టికి రానంది. కోటేశ్వరమ్మ ఓర్చుకుని మూలన కూర్చోలేదు, పిల్లల మధ్య పలక పట్టుకుంది. కమలమ్మ ఓర్చుకుని ఊరుకోలేదు, అడిగినవాళ్లకు తన నొప్పిని నొప్పి అనే చెప్పింది. ఈ ముగ్గురి జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మూడు విషయాలు కనిపిస్తాయి. చేతిలో తనదంటూ ఒక ఆధారం, కౌలు భూమో, కాగితమో, జీతమో. చుట్టూ కొందరు మనుషులు. జరిగింది చెప్పుకోవడానికి వినే చెవి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ మనోబలం వల్ల ఊడిపడదు. ఎవరో కల్పించాలి, లేదా పోట్లాడి తెచ్చుకోవాలి.

అందుకే 'వ్యక్తిగత సమస్య' అనే మాట వినగానే నాకు వెట్టి గుర్తొస్తుంది. ఐలమ్మ కష్టం ఆమె వ్యక్తిగత కష్టమేనా? ఆమె కష్టం విసునూరు గడీ లెక్కల పుస్తకంలో ఒక పద్దు. ఆ రోజుల్లో ఆమెకు ఎవరైనా ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే కోపం కూడా వస్తుంది.

*

ఈ మాట పాత చరిత్రతో ఆగదు. 1997-98లో వరంగల్ జిల్లా పేరు దేశమంతా పత్రికల్లోకి ఎక్కింది పత్తి రైతుల ఆత్మహత్యలతో. ఆ ఏడు అకాల వర్షాలు, లద్దె పురుగు, పనిచేయని మందులు, ఆ మందులు అమ్మినవాళ్ల దగ్గరే తెచ్చిన అప్పు, అన్నీ కలిసి వచ్చాయి. చనిపోయిన రైతుల గురించి నివేదికలున్నాయి, కమిటీలు వేశారు, కథలు కూడా చాలా వచ్చాయి. ఆ ఇళ్లలో మిగిలిన భార్యలు మర్నాటి నుంచి ఏం చేశారన్నది మాత్రం ఎక్కడో ఒక పేరాలో ముగుస్తుంది. ఆ అప్పు వాళ్ల మీద పడింది. పిల్లల చదువు వాళ్ల మీద పడింది. ఆ ఏడు ఇరవై అయిదేళ్ల వయసున్న ఇల్లాలికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు వచ్చే రోజుల్లో ట్రాక్టర్ల వెనక కూర్చుని వచ్చే ఆడవాళ్లను చూసినప్పుడు, వీళ్లలో అలాంటివాళ్లు ఎందరున్నారో అనుకుంటాను.

చట్టం కూడా వాళ్లను కాగితం అడుగుతుంది. 2004లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం పరిహారం కావాలంటే చనిపోయిన మనిషి రైతే అని తేలాలి. భూమి తన పేరు మీద లేని కౌలు రైతు ఇంటికి అది ఎంత కష్టమో ఊళ్లలో అందరికీ తెలుసు. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబీమా తెచ్చింది. రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు, ఎన్నో ఇళ్లను నిలబెట్టిన పథకం. అది పట్టాదారులకు, అంటే భూమి పేరు మీద ఉన్నవాళ్లకు మాత్రమే పెట్టారు. కౌలు రైతులు అందులో లేరు.

ఐలమ్మ కౌలు రైతు. రక్షిత కౌలుదారుకు హక్కులిచ్చిన 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం వచ్చింది ఆమె లాంటివాళ్ల పోరాటం ఇంకా సాగుతున్న రోజుల్లోనే. విగ్రహాలు, జయంతులు, విశ్వవిద్యాలయం పేరు అన్నీ ఆమెకు దక్కాల్సినవే. కానీ ఆ నాలుగెకరాలు దున్నిన ఐలమ్మే రైతుబీమా మొదలైన రోజుల్లో వ్యవసాయాధికారి బల్ల ముందు నిలబడి ఉంటే, "పాసుపుస్తకం ఏదమ్మా?" అనే ప్రశ్నకు చూపించడానికి ఆమె చేతిలో ఏమీ ఉండేది కాదు.

స్త్రీశక్తి సంఘటన వాళ్లకు టేప్ రికార్డరు మోసుకుని, బస్సులు మారి, ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. మనకు ఆ శ్రమ లేదు, జేబులో ఫోన్ ఉంది. ఈ వ్యాసం చదువుతున్న చాలామందికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం, వరంగల్ వైపో ఇంకో వైపో ఒక ఊరు ఉంటాయి. ఆ ఊళ్లో ఒక పెద్దమ్మో, మేనత్తో, పక్కింటి అవ్వో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చోండి. ఆమె ఒప్పుకుంటే రికార్డు చేయండి. కష్టాలను ఎట్లా గెలిచావని అడగకండి, ఆ ప్రశ్నకు ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఏదో ఒక ఏడు పేరు చెప్పి, కరువు వచ్చిన ఏడో, ఇంటి మగదిక్కు పోయిన ఏడో, "మర్నాడు పొద్దున లేచి ఏం చేసినవ్?" అని అడగండి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి. చెప్పిందే మళ్లీ చెప్పినా ఆపకండి.